చచ్చినవాళ్లని వదిలేస్తామా అన్నారు

అలిగావని నాకు తెలుసు ఒమెల్కో. నువ్వు మట్టిలో కలిసి ఇన్నేళ్లయినా నీ అలక నాకు తెలీదా?

ఇదిగో తీపి రొట్టె, రంగేసిన గుడ్లు. ఈస్టర్ తర్వాత సమాధుల దగ్గర పెద్దలకి పెట్టుకోడానికి ఈసారి నేనూ నీ తమ్ముడు నెస్టరూ తప్ప ఎవరూ రాలేదు. అతనికి మోకాళ్ల నొప్పులు, కారు దిగనన్నాడు. దార్లో బురదని ఫాదర్ కూడా ఎగ్గొట్టాడు.

ఎవరు నీకు మోసింది ఈ కబురు? చర్చి సంగతేగా? చెప్తా, విను.

మన తాతలు రైలు ఇటే వస్తుందని నమ్మి ఇక్కడ ఊరు కట్టారా, అది కాస్తా రెండు మైళ్ల అవతలనుంచి పోయింది. ఏం చేస్తారు పాపం? మంచు గట్టిపడ్డాక ఇళ్లకింద దుంగలు పెట్టి, గుర్రాలు కట్టి, ఊరినే పట్టాల దగ్గరికి ఈడ్చుకుపోయారు. ఇల్లు నడుస్తుంటే మా అమ్మమ్మ లోపల బీట్‌రూట్ చారు కాచిందట, పొయ్యి ఆర్పకుండా.

ఈ సమాధుల పక్కనున్న చర్చిని మాత్రం ముట్టుకోలేదు. చచ్చినవాళ్లని ఒంటరిగా వదిలేస్తామా అన్నారు. అందుకేగా మనం అంత దూరం చలిలో నడిచొచ్చి పెళ్లి చేసుకుంది? నీ మీసాలు గడ్డకట్టి, ఫాదర్ అడిగినదానికి నోరు పెగల్లేదు.

ఇప్పుడా రైలూ లేదు. పట్టాలు పీక్కుపోయారు. గోధుమల గోదాము కూల్చారు, బడి మూశారు. మిగిలింది నేనూ, నెస్టరూ, ఈ సస్కాచెవాన్ మైదానాల గాలీ.

పట్నం మ్యూజియం వాళ్లు చర్చిని ట్రక్కుమీద తీసుకెళ్తామన్నారు. చర్చి కమిటీ అంటే ఇప్పుడు మేమిద్దరమేగా. "పరాస్కా వదినా, ఆ మాట నా నోట అనిపించకు, నువ్వే చెప్పు," అన్నాడు నెస్టర్. మగాళ్లు ఎప్పుడూ ఇంతే. కప్పు చిల్లుపడి మేరీమాత పటంమీద మంచు పడుతోంది. ఎవరెక్కి బాగుచేస్తారు? నువ్వొస్తావా?

సరేనన్నాను. తాతలు వద్దన్నదానికి నేను ఊఁ అన్నాను. తిట్టుకో.

ఇంకోటుంది. అది చెప్పలేకే ఇందాకట్నుంచీ ఊరి చరిత్రంతా ఏకరువు పెట్టాను.

పట్నంలో వృద్ధాశ్రమంలో నాకో గది దొరికింది. వెచ్చగా ఉంటుంది. సోమవారం వెళ్లిపోతున్నాను. నేను పోతే ఇంతదూరం మోసుకొచ్చేవాళ్లెవరు చెప్పు? అందుకని సమాధికి చోటు కూడా అక్కడే మాట్లాడుకున్నాను.

ఎవరూ రాని ఈ చోట ఉండిపోవాలంటే నాకు భయమేసింది ఒమెల్కో. అంతే. ఇంకేం కారణం లేదు.

నీ పక్కన నాకని ఉంచిన చోటు ఇక నీదే. బతికినన్నాళ్లూ మంచం ఇరుకని సణిగావుగా. కాళ్లు చాపుకుని పడుకో.