పక్కింటి పిల్ల

ఏంది అయ్యగారూ, మార్తమ్మ పిల్లలకు దేవుణ్ని నేర్పలేదంటరా? గా మాట మీకు ఎవలు మోసిండ్రు? జెర కూసోండ్రి. చాయ తాగకున్నా మంచిదే, నేను చెప్పేది ఇని పోండ్రి.

మీరు నెలకొక్కపారి సైకిలేసుకొని మా ఊరికొస్తరు. మిగిలిన దినాలు ఈ ఇంట్ల దేవుని మాట చెప్పేది ఎవలు? నేనే గదా! మా ఇంటాయన పటాన్‌చెరుల డ్యూటీ చేసొచ్చి పంటడు. పొద్దుగూకంగనే ఇద్దరు ఆడపిల్లల్ని ముంగట కూసోబెట్టుకునేదాన్ని. పెద్దది జయశీలకు పదేండ్లు, చిన్నది సుకుమారికి ఐదు.

మట్టల ఆదివారమొస్తే ఈత కొమ్మలు పట్టిచ్చి ఇంటి సుట్టు తిప్పిన. కిస్మస్‌కు పతంగి కాయితంతోని సుక్క చేసిన. యేసయ్య పండిన తొట్టి ఎట్లుంటదని చిన్నది అడిగితే, పటేలు కొట్టంకాడికి తోల్కపోయి సూపెట్టిన. ఎడ్లు కుడితి తాగుతున్నయి. "అమ్మా, ఆయనకు సలి పెట్టలేదా?" అన్నది. సదువురానిదాన్ని. అయినా గట్ల నేర్పిన.

మరి ఏమైందంటరా? చెప్తున్న గదా!

జయశీల ఐదో తరగతి అయిపోయింది. మా ఊళ్లె ఇగ సదువు లేదు. సంగారెడ్డి సర్కారు హాస్టల్ల సీటు కావాలంటే ఎస్సీలమని కులం కాయితం కావాలె. బాప్తిస్మం తీసుకున్నోళ్లకు ఆ కాయితం ఇయ్యరంట! గిదేం నాయం? మేం నీళ్లల్ల మునిగి లేసినంక, ఊరోళ్లు మమ్ముల బాయి కాడ చేద ముట్టనిచ్చిండ్రా? చెప్పుండ్రి!

కాయితం ఇచ్చేముందు తాసీల్ ఆఫీసు గిర్దావరు సారు ఇల్లు సూసి పోతడని మా వాడకట్టు యాదన్న కబురు తెచ్చిండు. గోడకున్న వాక్యం పటం తీసి బియ్యం కుండల దాసిన. పిల్లలకు బొట్టు పెట్టిన. నా శేతులతోని నేనే! చిన్నది ఉన్నదున్నట్టు చెప్పేస్తదని దాన్ని పక్కింటి ముత్యమ్మ కాడికి తోలిన.

గిర్దావరు అచ్చిండు. మంచం మీద కూసున్నడు. "ఏ పండుగలు చేస్తరు బిడ్డా?" అని జయశీలను అడిగిండు.

"బతుకమ్మ చేస్తం సార్. బోనాలు చేస్తం."

నేను నేర్పినట్టే చెప్పింది. సారు రాస్తున్నడు. గంతల్నే గుమ్మం కాడికెల్లి, "కాదు! మనం కిస్మస్ చేస్తం! యేసయ్య తొట్ల పుట్టిండు గదక్కా!"

చిన్నది. ముత్యమ్మ శెయ్యి ఇడిపిచ్చుకొని అచ్చింది. ముత్యమ్మ దాని ఎనకనే ఉరికొచ్చింది. సారు కలం ఆగింది.

నా నోటికెల్లి ఏమచ్చిందో ఎర్కేనా? "అది మా పిల్ల గాదు సారూ. పక్కింటోళ్లది."

సారు దాన్ని సూసిండు, నన్ను సూసిండు. "మొకం నీ లెక్కనే ఉన్నదేంది?" అన్నడు. దాన్ని దగ్గరికి పిలిచిండు. "మీ అమ్మ ఎవలమ్మా?"

అయ్యగారూ, అది నా దిక్కు సూసింది. తర్వాత శెయ్యి లేపి ముత్యమ్మను సూపెట్టింది. "గా అమ్మ," అన్నది.

ఐదేండ్ల పిల్ల! గది ఎవలు నేర్పిండ్రు దానికి? నేను నేర్పలే. నా మొకం సూసి నేర్సుకున్నది.

కాయితం అచ్చింది. జయశీల హాస్టలుకు పోయి నెలాయె. ఇంగ్లీషు అచ్చరాలు దిద్దుతున్నదంట.

చిన్నదా? పొద్దుగూకితే ముత్యమ్మ గడప మీద కూసుంటది. ప్రార్థనకు రావే అంటే, "ఇయ్యాల నేను మనింటి పిల్లనా, పక్కింటి పిల్లనా అమ్మా?" అని అడుగుతది. ఎక్కిరిచ్చుడు గాదు. నిజంగనే అడుగుతది. ఒళ్లె కూసోబెట్టుకుంటే కట్టె లెక్క బిగుసుకపోతది.

సంఘం ముంగట నిలవడి ఒప్పుకోమంటరా? ఒప్పుకుంట. దేవుణ్ని ఎరుగనన్న, ఒప్పుకుంట. ఆయన పెద్దోడు, తట్టుకుంటడు. కన్నబిడ్డను కాదన్న. దానికి ఏ ప్రార్థన ఉన్నదో మీరే చెప్పుండ్రి.

అప్పుడే లేస్తరేంది? కూసోండ్రి.

తప్పయింది, మల్ల చెయ్యనని మాత్రం అననయ్యగారూ. ఐదేండ్లు పోతే చిన్నదానికి గూడ సీటు కావాలె. గిర్దావరు మల్లొస్తడు. అప్పుడు దానికి నేను చెప్పిచ్చే పని లేదు. అచ్చేసింది దానికి.