సిగ్నల్ లేని రోజు

సెల్‌ఫోన్ దుకాణంలో గాజు బల్లకు ఇవతల లేత్ మేస్త్రీ, అతని కూతురు; అవతల దుకాణం నడిపే ఆవిడ. మేస్త్రీ బొటనవేలు నాలుగోసారి వేలిముద్ర యంత్రం మీద ఉంది.

"పడట్లేదు బాబాయ్ గారూ. ఇంకొంచెం గట్టిగా నొక్కండి."

"ఇంతకన్నా గట్టిగా నొక్కితే మీ మెషీన్ పోతుందమ్మా. ముప్పై ఏళ్ళు లేత్ మీద ఇనుముతో కుస్తీ పట్టిన వేలు. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి."

"చూపుడువేలు పెట్టు నాన్నా."

"అదీ అంతేనమ్మాయ్. ఇవాళ్టికి వదిలెయ్. ఇంకో రోజు వద్దాం."

"ఇంకో రోజు, ఇంకో రోజు అంటూనే ఐదు వారాలయింది. తడిగుడ్డ ఉంటే ఇవ్వండి ఆంటీ, నేను తుడుస్తాను."

"ఇదిగో తల్లీ. నెంబరు అదే ఉంచి, కంపెనీ మాత్రం మార్చాలి. అంతేగా?"

"అంతే."

"ఇప్పుడున్న దాంతో ఏం ఇబ్బంది? ఫారంలో కారణం రాయాలి. నెట్ స్లోనా?"

"సిగ్నల్ ఉండదు."

"ఇంట్లోనా, పని దగ్గరా?"

"పని దగ్గర. రేకుల షెడ్డు."

"విచిత్రంగా ఉందే! ఆ షెడ్ల వైపు వాళ్ళంతా మీరు వదిలేస్తున్న కంపెనీయే నయమని దానికి మారుతున్నారు. మొన్న మీ పక్క వెల్డింగ్ ఆయన కూడా..."

"ఆయన సంగతి నాకు తెలీదమ్మా. నాకైతే రాదు. అంటే... అప్పుడప్పుడు రాదు."

"అప్పుడప్పుడేంటి నాన్నా? రాదు. సిగ్నల్ లేదు అని రాసేయండి ఆంటీ."

"రాస్తున్నా తల్లీ, కోప్పడకు."

"కోపం కాదండీ. మా అమ్మ పోయింది. ఐదు వారాల కిందట. ఇంట్లో ఒక్కతే ఉంది, గుండెల్లో నొప్పొచ్చింది. నాన్నకి ఫోన్ చేసింది. కలవలేదు."

"అయ్యో."

"పక్కింటివాళ్ళు చూసి ఆసుపత్రికి మోసుకెళ్ళారు. అప్పటికే... చేతిలో ఫోన్ అలాగే పట్టుకుని ఉందట."

"చాల్లేమ్మా. ఆవిడకెందుకు ఇవన్నీ."

"కారణం అడిగారుగా. చెప్తున్నా."

"ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ, తెలీక వాగాను. అలాంటి కంపెనీ మొహాన సిమ్ము విసిరికొట్టి రావాల్సిందే. మరి వాళ్ళని ఊరికే వదిలేశారా?"

"మా పిన్ని కంప్లెయింట్ పెట్టింది. అమ్మ చెల్లెలు. మమ్మల్ని అడగనైనా అడక్కుండా, నాన్న నెంబరు మీద పెట్టేసింది."

"మంచి పని చేసింది."

"రోజూ ఫోన్ చేస్తుంది. 'అక్కని పొట్టనబెట్టుకున్న కంపెనీ సిమ్మే ఇంకా వాడుతున్నారా, మీకు చీమూ నెత్తురూ లేవా' అంటుంది. కంపెనీ మారితే కంప్లెయింట్ కూడా మూసేస్తారటగా ఆంటీ? నిజమేనా?"

"ఏమో మరి. మూయకూడదనేగా మీరు కోరుకునేది?"

"ఆఁ... అదే. అదేలెండి."

"ఆగండాగండి, పచ్చలైటు వెలిగింది. పడింది బాబాయ్ గారూ వేలిముద్ర! ఇక ఇప్పుడు మీ పాత కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తారు. ఎందుకు పోతున్నారు, ఏం కష్టం వచ్చింది అని బతిమాలతారు. మాట్లాడేస్తే పని అయిపోయినట్టే."

"మాట్లాడాలా? తప్పదా?"

"ఏముంది, రెండు ముక్కలేగా. అదిగో, మాటల్లోనే వచ్చేసింది."

"ఎత్తకు నాన్నా."

"ఎత్తకపోతే రిక్వెస్ట్ పక్కన పడేస్తారు తల్లీ. మళ్ళీ మొదటికొస్తుంది. ఎత్తండి బాబాయ్ గారూ. అబ్బ, ఎంత గట్టిగా అరుస్తోందండీ మీ ఫోను!"

"లేత్ రొదకి చెవులు పోయాయమ్మా. స్పీకర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. హలో?"

"నమస్కారం సార్. కస్టమర్ కేర్ నుంచి మాట్లాడుతున్నాను. మీరు మా నెట్‌వర్క్ వదిలి వెళ్తున్నారని తెలిసింది. కారణం తెలుసుకోవచ్చా సార్?"

"కారణమా... ఏం లేదమ్మా. ఊరికే."

"సిగ్నల్ లేదండీ. ఫారంలో రాశాం. ఇక పెట్టేయండి."

"మేడమ్, మీరు?"

"కూతుర్ని."

"మేడమ్, మీ ఇంటి నుంచి వచ్చిన కంప్లెయింట్ నా ముందే ఉంది. జరిగినదానికి మా అందరికీ చాలా బాధగా ఉంది. మా ఇంజినీర్లు టవర్ దగ్గరికి వెళ్ళి చూశారు. రిపోర్టు ఇవాళే వచ్చింది, వినిపిస్తాను."

"రిపోర్టు అక్కర్లేదు."

"అవునమ్మా, అక్కర్లేదు. అయిందేదో అయిపోయింది. మేం ఎవరినీ ఏమీ అనడంలేదు."

"ఒక్క నిమిషం సార్. చదివి వినిపించకుండా కంప్లెయింట్ మూయకూడదు, మాకది రూలు. ఆ రోజు మీ షెడ్డు దగ్గర టవర్ పూర్తిగా పనిచేసింది సార్. పదకొండూ ఆరుకి కాల్ వచ్చింది, రింగైంది, ఎత్తలేదు. పదకొండూ తొమ్మిదికి మళ్ళీ వచ్చింది, రింగ్ అవుతుండగా మీ వైపు నుంచే కట్ అయింది. పదకొండూ పద్నాలుగుకి..."

"అమ్మా, ఇక చాలు."

"పద్నాలుగుకి ఎత్తారు సార్. పంతొమ్మిది సెకన్లు మాట్లాడారు. కాబట్టి లోపం మా వైపు నుంచి కాదని... హలో? సార్? మీరు మా దగ్గరే ఉండిపోతే మూడు నెలలు నెట్ ఉచితంగా... హలో?"

కూతురు చెయ్యి చాపి ఫోన్ కట్ చేసింది.

"నేను... ఈ కాయితం జిరాక్స్ తీయించుకొస్తాను బాబాయ్ గారూ. పక్క వీధిలోనే. మీరు కూర్చోండి. తొందరేం లేదు."

"అమ్మాయ్."

"పద నాన్నా, ఇంటికెళ్దాం."

"విను."

"నేనేం అడగలేదుగా."

"అడక్కపోతే ఎలా? అడుగు. తిట్టు. నలుగురిలో నిలబెట్టి కడిగెయ్. అలా గోడ వైపు చూడకు."

"నాన్నా, వద్దు."

"ఆ రోజు పొద్దున్న మీ అమ్మా నేనూ గొడవపడ్డాం. దేనికో కూడా గుర్తులేదు. కాదు, గుర్తుంది. కళ్ళజోడు. నా కళ్ళజోడు ఎక్కడ తగలేశావని ఇల్లు పీకి పందిరేశాను. చివరికి నా జేబులోనే ఉంది. అది చెప్పడానికి సిగ్గేసి ఇంకా అరిచి వెళ్ళిపోయాను. సాధించడానికే ఫోన్ చేస్తోందనుకున్నా. షాఫ్టు మెషీన్ మీద తిరుగుతోంది, ఓనరు నెత్తిమీద నిలబడ్డాడు. మూడోసారి ఎత్తి..."

"చెప్పకు నాన్నా. నీకు దణ్ణం పెడతాను."

"'ఏవండీ' అంది. అంతే, ఆ ఒక్క మాటే. మిగతాదంతా నేనే. 'ఇంకోసారి చేశావంటే ఈ ఫోన్ తీసి మెషీన్లో పెట్టేస్తా' అన్నాను. ఏం చెప్పబోయిందో వినలేదు. గొంతు అదోలా ఉంది, అది కూడా... అది తెలుస్తూనే ఉంది నాకు. తెలుస్తూనే పెట్టేశాను."

"ఊరుకో. ఆవిడ వచ్చేస్తుంది."

"రానీ. సిగ్నల్ లేదేమో అని ఆసుపత్రిలో మీ పిన్ని ముందు నోరు జారాను. అప్పట్నుంచీ దాన్నే పట్టుకుని వేలాడుతున్నా. నువ్వు నమ్మావు. నా తరఫున అందరితో పోట్లాడావు. నిన్ను మోసం చేశాను తల్లీ."

"నన్నేం మోసం చేయలేదు. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"మూడుసార్లు చేసిందనీ తెలుసు, పంతొమ్మిది సెకన్లూ తెలుసు. ఆ రోజు ఆసుపత్రిలో అమ్మ ఫోన్ నా చేతికిచ్చారు. లిస్టు చూశాను. పిన్ని లోపలికొచ్చేలోపు మొత్తం చెరిపేశాను."

"తెలిసి... తెలిసి కూడా ఐదు వారాలు నన్నొక్క మాట అనలేదా? అన్నం పెట్టావు, మందులు వేశావు. మీ అమ్మ మనసే నీకూ వచ్చింది. నన్ను కాపాడుకోవడానికి ఎంత..."

"అలా అనకు నాన్నా. నీ కోసం కాదు."

"మరి?"

"నీ నెంబరు తర్వాత ఇంకో నెంబరుంది అందులో. పదకొండూ ఇరవైకి. నాది. ఆఫీసులో అందరం టీ తాగుతున్నాం, ఎవరో ఏదో జోకేశారు, పడీపడీ నవ్వుతున్నాం. 'అమ్మ' అని పేరు కనపడింది నాన్నా. చూసి, ఫోను బోర్లా పెట్టేశాను."