కీమేన్ కూర్మారావు నేర్పిన జాజ్

"శ్యామ్‌ప్రసాద్ బాబూ, ఆ కాయితం మీద నా పేరు రాసీ. కూర్మారావు, రిటైర్డ్ కీమేన్. పక్కన 'గురువు' అని కూడా రాసీ, ఎవులికీ అనుమానం ఉండదు."

కిరందుల్ స్టేషన్ బయట, రత్నం టీ బంకు దగ్గర ఈ మాట పడింది. జాజ్ పాడుతూ దేశాలు తిరిగే స్టెల్లా ఆదివారం సొంతూరు వస్తోంది. ఆ పిల్లకి తొలి పాఠం చెప్పినవాళ్ళకి వేదిక మీద శాలువా కప్పాలని రైల్వే ఇన్‌స్టిట్యూట్ కమిటీ అనుకుంది. ఆ పేరు రాసుకుపోవడానికే సెక్రటరీ శ్యామ్‌ప్రసాద్ వచ్చాడు.

"రాస్తాను బాబాయ్. ఇంతకీ ఏం నేర్పావో చెప్పు."

"ఇను. గొప్పలు సెప్పుకోడం నాకు అలవాటు నేదు. ఆ గుంట నాన్న జానీ మా గేంగులోవాడే, బొబ్బిలి కిరస్తానీ. అమ్మ పేరు ముయె, మరైగూడ దోర్లోళ్ళ గూడెం పిల్ల. నాన్నతో తెలుగు, అమ్మతో దోర్లీ, బడిలో హిందీ, సంతలో హల్బీ. నోరు తెరిస్తే నాలుగు బాసలూ ఒక్కపాలే తలుపు కాడికొచ్చి తోసుకునేవి, గుంట తడబడిపోయేది. నానేమో పట్టాల మీద వదులైన కీలు సుత్తితో బిగగొట్టుకుంటా ఎల్తన్నాను, టంగ్, టంగ్. బడికెల్తా నా ఎనకాల నడిసి, ఆ దరువుకి 'దబ్బ దుబ్బ దూ' అనుకుంటా మొదలెట్టినాది. 'అమ్మీ, మాట కుదరకపోతే మానీ, దరువు తప్పకు' అన్నాను. అంతే! జాజంటే అదే గదా మరి?"

"గంతేనా తాతా?" అన్నాడు దంతెవాడ జీపు నడిపే జోగే.

"అంతే అనుకున్నావేటి? ఆ తర్వాత ఏటయినాదో తెలుసా? గొంతు సాగాలని అరకు కాడ సొరంగం మూతిలో నిలబెట్టి ఒక్క రాగం తియ్యమన్నాను. పొద్దున్న తొమ్మిదికి లోపలికెల్లిన రాగం, మజ్జానం మూడుకి అవతలికి తేలినాది. ఎదర బండేదో కూతెడతందనుకుని ఇంజిన్ డ్రైవరు ఆరు గంటలు ఆగిపోనాడు!"

"ఏంది తాతా, పాట మన పాసింజర్ కంటే లేటా?" అన్నాడు జోగే.

"అప్పుడు సింగిల్ లైను నాయనా. పాటకి మాత్రం క్రాసింగు ఉండదేటి? మద్దిలో అడ్డు రాకు. ఇంకోరోజు యాభై ఎనిమిది వేగన్ల గూడ్సు ఇనపరాయితో నిలబడుంది. గుంట పాటెత్తుకుంది, నాను సుత్తి ఎత్తాను. వేగన్లు ఊగినాయి సూడు, సేటలో సెరిగినట్టు గుండంతా ఒక పక్కకి, బెడ్డలన్నీ ఒక పక్కకి! బైలడిల్లా కొండ మీంచి ఎలుగుబంట్లు దిగొచ్చి లైనుకి రెండు పక్కలా నిలబడి తాళం ఏసినాయి. ఒక్క ఎలుగ్గొడ్డు తప్పేసింది. మిగతావి దాన్ని తిట్టినాయి."

"ఏ బాసలో తిట్టినాయి తాతా?"

"హల్బీలో. సంతకొచ్చేవే గదా! సరే, ఆ తర్వాత అమెరికా. పదివేలమంది ముందర పాడతా పాడతా తాళం తప్పినాది. ఫోను ఎవులికి సేసినాది? నాకే! హలో అననేదు నాను. సెల్లు పట్టా మీదెట్టి టంగుమనిపించాను. అక్కడ డ్రమ్ములాయన కర్రలు కిందెట్టేసి ఫోనుకి దండమెట్టినాడు. హాలు ఊగి ఊగి రెండడుగులు పక్కకి జరిగిపోనాది. ఇప్పటికీ ఆ హాలు తలుపు తీస్తే పక్కింటోళ్ళ వంటగదిలోకి తెరుసుకుంటాది!"

శ్యామ్‌ప్రసాద్‌కి టీ పొలమారింది.

"నవ్వకు బాబూ. ఒరిస్సాలో జాజ్‌పూర్ ఉందా నేదా? ఆ పేరు ఊరికే వచ్చినాదేటి?"

"అది వందల ఏళ్ళనాటి ఊరు కదా బాబాయ్!"

"అదే మరి. పేరు ముందెట్టేసుకున్నారు, పాట కోసం కాసుక్కూర్చున్నారు. నాను సర్వీసులో లేటుగా జేరడం వల్ల ఆలీసెం అయిపోనాది."

జోగే బెంచీ మీంచి జారిపోయాడు. కూర్మారావు నవ్వలేదు. గొంతు తగ్గించాడు.

"రాసీ బాబూ. ముప్పయ్యారేళ్ళు ఈ పట్టాల మీద నడిసాను. రిటైరైన రోజు నాకని తెచ్చిన దండ, అదే రోజు బదిలీ అయిన సాహెబు మెళ్ళో ఏసేసినారు. ఒక్క శాలువా కప్పించుకోవాలని ఉంది, అబద్దమెందుకు."

ఈ ఒక్క మాట నిజమని అందరికీ తెలిసింది. శ్యామ్‌ప్రసాద్ పెన్ను మూత తీశాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అంది రత్నం, గ్లాసులు కడగడం ఆపి. "ఆ గుంట మొట్టమొదట ఇన్‌స్టిట్యూట్‌లో పాడిన రోజు అన్నియ్య ఎక్కడున్నాడో అడగండి."

"పాత కతలెందుకు రత్నం?" అన్నాడు కూర్మారావు.

"నానే సెప్తాను. 'ఆజ్ శామ్ కో జాజ్ హోగా, సబ్ ఆనా' అని, సాయంత్రం పాటకి రమ్మని సాహెబు అందరికీ సెప్పినాడు. ఈయన చెవికి అది 'జాంచ్' అని ఇనపడినాది. పైనుంచి ఆఫీసర్లొచ్చి ఇల్లిల్లూ తనికీ సేస్తారనుకున్నాడు. ఇంట్లో ఏముంది? రైల్వే వోళ్ళ పాత స్లీపరు చెక్కతో సేయించుకున్న మంచం! ఊరంతా హాల్లో పాటింటంటే, ఈయన మంచం నెత్తినెట్టుకుని కొండెక్కేసినాడు. మూడ్రోజులు దిగనేదు. అన్నం మోసిందాన్ని నానే. గుంట సదువుకని ఆ వారమే ఎల్లిపోనాది. దాని పాట ఒక్క ముక్క కూడా ఈయన చెవిన పడనేదు."

అందరూ కూర్మారావు వైపు చూశారు. ఆయన ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు.

"టేకు మంచం నాయనా," అన్నాడు చివరికి. "దాని బరువు మీకేటి తెలుసు?"

శ్యామ్‌ప్రసాద్ పెన్ను మూత పెట్టేసి, ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"శాలువా సంగతి కమిటీ చూసుకుంటుంది. నీకు మాత్రం ముందు వరసలో కుర్చీ వేయిస్తాను, ధైర్యంగా రా బాబాయ్. ఆదివారం జాజే. జాంచ్ కాదు."