తెల్లబారిన దిమ్మలు

మెల్లగా, మెల్లగా లేపండి బాబాయ్, నా వేళ్లు ఇంకా అంచు కిందే ఉన్నాయి. ఎవరు చేయించారో గానీ ఈ మూత, తొట్టిలో ఉన్నవి కాంక్రీటు దిమ్మలా, వజ్రాలా? ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. అందుకే కదా, "రోజుకి ఒక్కసారే తెరుస్తాను, కావలసినవన్నీ ఒకేసారి తీసుకోండి" అని ఈ ల్యాబులో అందరికీ చెప్తారు మీరు. ఆ ఒకేసారి తీయడమే నా కొంప ముంచింది.

అయ్యో, మిమ్మల్ని అనడం లేదు. మీ మీద కోపం వచ్చినా బావుండేది, కాస్త తేలిగ్గా ఉండేది. రావడం లేదు.

ఆగండాగండి, ఇంకా బయటికి తీయకండి. ఒక్క నిమిషం నన్ను ఊపిరి పీల్చుకోనివ్వండి.

ఎందుకాగమన్నానా? నీళ్లు చల్లగా ఉన్నాయి కదా, అందుకని... అవును లెండి, నాలుగేళ్లుగా దిమ్మలతో పాటు నేనూ ఈ నీళ్లలోనే నానుతున్నాను, చలికి ఎప్పుడూ ఆగమనలేదు. సరే, భయమే.

ఈ ఆరు దిమ్మలూ జూనియర్లవని చెప్పాను కదా మీకు, పోయిన నెల పోసేటప్పుడు? అబద్ధం. నావే. మూడు మామూలువి, మూడు గాజు పొడి కలిపినవి. ఇవాళ్టికి నీళ్లలో ఇరవై ఎనిమిది రోజులు నిండాయి, బలం చూసే రోజు ఇదే. నా గైడు సారుకి కూడా చెప్పలేదు. ఏమని చెప్పను? పరీక్ష పాసయ్యాక మళ్లీ వెళ్లి హాల్లో కూర్చునేవాళ్లని ఎవరైనా చూశారా?

ఆ, నా పరిశోధన పేపరు జర్నలు వాళ్లు ఒప్పుకున్నారు, అది నిజమే. పోయిన వారం సారు అందరికీ టీ ఇప్పించినప్పుడు మీరూ ఉన్నారుగా. మా కామా సారు పళ్లు కనపడేలా నవ్వడం ఆ రోజే చూశాను నేను. ఏం రాసుకెళ్లినా కామాలే దిద్దుతారు ఆయన, ఇక్కడొకటి పెట్టు, అక్కడొకటి తీసెయ్. ఒక్కసారి కామాలు వదిలేసి లెక్కలు చూసి ఉంటే ఎంత బావుండేది.

అసలు ఆ పేపరు ఎన్ని చోట్ల తిరిగొచ్చిందనుకున్నారు? మొదటి జర్నలు పదకొండు గంటల్లో తిప్పి పంపింది. అంటే వాళ్లు నిద్రలేచి, మొహం కడుక్కుని, వద్దనేశారన్నమాట. రెండోది ఏడు నెలలు దగ్గర పెట్టుకుని వద్దంది. ఈ మూడో వాళ్లు ఒప్పుకున్నారు. ఇంట్లో చెప్పాను. అమ్మ మా పిన్నికి ఫోన్ చేసి "అమ్మాయి రాసింది అచ్చవుతోందే" అంది. కథ అనుకుంటోంది పాపం. నాన్న కుట్టుమిషను ఆపి, కళ్లజోడు పైకి తోసుకుని, ఎన్ని పేజీలని అడిగాడు. పన్నెండన్నాను. "నాలుగేళ్లకి పన్నెండా?" అన్నాడు. నాలుగేళ్లలో ఎన్ని వందల చొక్కాలు కుట్టాడో మరి.

ఆ పన్నెండు పేజీల్లో ఉన్నది ఒక్కటే ముక్క బాబాయ్. సిమెంటులో అయిదో వంతు తీసేసి, పగిలిన సీసాలు దంచిన పొడి కలిపితే, దిమ్మ బలం తగ్గకపోగా నూటికి పది పాళ్లు పెరిగింది. అంతే. ఆ పది పాళ్లే నా పేపరు. అది తీసేస్తే మిగిలేది సీసాల పొడి.

పెరిగింది కదా అంటారు. దిమ్మ ఎంత బరువుకి పగులుతుందో మీ మిషనే చూపించింది, మీ చేత్తోనే నొక్కారు. నిజమే.

ఒప్పుకునే ముందు జర్నలు తరఫున పేపర్ని ఇద్దరు చదివారు. మొదటాయన బావుందన్నాడు. రెండో మనిషెవరో, మగో ఆడో, ఏ మూలన కూర్చుని చదివారో తెలీదు, ఒక్క చిన్న ప్రశ్న వేశారు. "నాలుగో ఫోటోలో గాజు పొడి దిమ్మలు తెల్లగా, మామూలు దిమ్మలు నల్లగా ఉన్నాయి, ఎందుకు?" అని. గాజు పొడి తెల్లది కాబట్టి దిమ్మ రంగు తేలిపోయింది అని రాసేశాను. నాలుగు నిమిషాలు పట్టింది. పంపేసి, కుర్చీ ఇటు తిప్పాను.

అదిగో ఆ కిటికీ గట్టు మీద ఎవరివో దిమ్మలు ఆరుతున్నాయి. ఎండ పడిన వైపు తెల్లగా ఉంది. నీడ వైపు ఇంకా నల్లగా ఉంది. ఒకటే దిమ్మ బాబాయ్, రెండు రంగులు.

అప్పటికప్పుడు లేచి నా పాత జాబితాలన్నీ తీశాను.

ఆలోచించండి. నా జాబితాలో మామూలు దిమ్మలు పైన, గాజువి కింద. మనం మూత ఒక్కసారే తెరుస్తాం కాబట్టి అన్నీ ఒకేసారి బయటికి తీశాం. మామూలువి నీళ్లు కారుతుండగానే మిషనెక్కించాం. ఇంతలో పన్నెండున్నర. భూకంపం వచ్చినా పన్నెండున్నరకి మీరు మిషను కట్టేస్తారు. తినొచ్చి, చేయి కడుక్కుని, ఆ మీటింగో ఈ సంతకమో చూసుకుని మళ్లీ మొదలుపెట్టేసరికి మూడు. అప్పటిదాకా నా గాజు దిమ్మలు ఎక్కడున్నాయి? ఆ గట్టు మీద, ఎదురుగా ఎండ, పైన ఫ్యాను. ఎండిన దిమ్మ తడి దిమ్మ కంటే ఎక్కువ బరువు ఓర్చుకుంటుందని మీకు నేను చెప్పాలా? మీరే కదా మొదటి సంవత్సరం మాకు చెప్పింది.

ఒక్కసారి కాదు. మూడు విడతలూ అదే వరస. ఒక్కసారి జాబితా తిరగేసి రాసుకున్నా తెలిసిపోయేది. నీటుగా ఉండాలని ఎప్పుడూ మామూలువే పైన రాశాను.

పేపర్లో ఏం రాశానో తెలుసా? "దిమ్మలన్నిటినీ తొట్టిలోంచి తీసిన వెంటనే, తడిగా ఉండగానే పరీక్షించాం" అని. ఆ వాక్యం నాది కూడా కాదు. మా సీనియరక్క థీసిస్‌లోది. ఆవిడ వాళ్ల సీనియర్ దగ్గర్నుంచి తెచ్చుకుంది. ఈ ల్యాబులో నలుగురం అదే వాక్యం రాశాం, ఒక్కళ్లమూ చదవలేదు.

ఏమో, నిజంగా గాజు పొడి వల్లే తెల్లబడ్డాయేమో. నిజంగానే బలం పెరిగిందేమో. ఈ నెల రోజులూ ఆ "ఏమో" పట్టుకునే బతికాను. అన్నం ముందు కూర్చున్నా అదే, బస్సులో అదే. అందుకే ఇవి పోశాను.

సరే. తీయండి. ఆరూ ఒకేసారి వద్దు, రెండు తీయండి చాలు, ఒకటి మామూలుది, ఒకటి గాజుది.

పక్కపక్కన పెట్టండి. తుడవకండి.

ఒకటే రంగు.

ఏది ఏదో చెప్పగలరా బాబాయ్, పైన రాత చూడకుండా? నేను కలిపి, నేను పోసి, నేను రాశాను, నాకే తెలియడం లేదు. రెండో మనిషి అడిగిన ప్రశ్నకి ఇదీ జవాబు.

కాదు, పగలగొడదాం. ఇంతదాకా వచ్చి ఆగితే నాకు పిచ్చెక్కుతుంది. గాజుది మళ్లీ నీళ్లలో వేసి, మామూలుది నేరుగా మిషను మీదకి పెట్టండి, నీళ్లు కారినా ఫర్వాలేదు. మీ పలకలు తుప్పు పడతాయని తెలుసు. నేనే తుడిచి, నేనే నూనె రాసి వెళ్తాను. ఎప్పుడూ ఎంత నిదానంగా నొక్కుతారో అంతే నిదానంగా నొక్కండి. నా మొహం చూసి జాలిపడి తొందరపడకండి.

ముల్లు నేను చూడలేను. మీరు చూడండి. కాదు, చూస్తాను.

నలభై ఒక్క టన్నులు. మామూలుది. సరే. అప్పుడూ ఇంతే వచ్చింది. రెండోది తొట్టిలోంచి తీసి పెట్టండి. నలభై. మూడోది... నలభై ఒకటిన్నర. బావున్నాయి, అచ్చం పేపర్లో ఉన్నట్టే ఉన్నాయి.

ఇప్పుడు గాజువి, ఒక్కొక్కటే తీసి పెట్టండి. ఇవి నలభై నాలుగు దాటాలి. ఒక్కటి దాటినా నేను ఊపిరి పీల్చుకుంటాను. ముప్పై... ముప్పై అయిదు... ముప్పై ఎనిమిది... ఆ చప్పుడేంటి? పగిలిందా? అప్పుడేనా?

ముప్పై తొమ్మిదిన్నర.

ఒక్కొక్కటి అలా తగ్గుతుంది లెండి, పోసేటప్పుడు గాలి బుడగ ఉండిపోయిందేమో. ఇంకోటి. నలభై ఒకటి. నలభై ఒకటే. ఆఖరుది. నెమ్మదిగా బాబాయ్. నలభై.

అయిపోయింది. తేడా ఏమీ లేదు. పది పాళ్లు ఎక్కడికి పోయాయో చూశారా? ఆ కిటికీలోంచి వచ్చాయి, అందులోంచే పోయాయి.

కూర్చోను, ముందు ఈ ముక్కలు ఎత్తేయనివ్వండి.

అది కూడా మంచి సంగతేగా అంటున్నారు. సిమెంటు అయిదో వంతు మిగిలింది, బలం తగ్గలేదు, అది రాసుకోవచ్చుగా అని. మీ మనసు మంచిది. కానీ ఆ మాట ఇంతకు ముందే ఎంతమంది చెప్పేశారో. నేను కొత్తగా చెప్పింది పెరిగిందన్న మాట ఒక్కటే, అదే అబద్ధం. ఈ పేపరు వెనక్కి తీసుకుంటే నా పీహెచ్‌డీ థీసిస్ తీసుకోరు. అచ్చయిన పేపరు ఒకటి ఉండాలి, రూలు. నా గడువు ఇంకో రెండు నెలలే. రెండు నెలల్లో కొత్త పేపరు ఎవరు వేస్తారు? పదకొండు గంటల్లో తిప్పి పంపడానికైతే చాలామంది ఉన్నారు.

దాచేస్తే? ఆలోచించలేదనుకున్నారా? ఎవరో ఎక్కడో ఇది చదివి మెట్లు పోసుకుంటారు. ఏమీ కూలదు. లెక్కలో అంతకి రెండింతలు జాగ్రత్త పెట్టుకునే కడతారు. ఏమీ కూలదు, ఎవరికీ తెలియదు, నా పేరు ముందు డాక్టర్ అని వస్తుంది. నాకు ఎక్కువ భయం వేస్తున్నది దీనికే బాబాయ్. దొరికిపోతానని కాదు. దొరకను.

ఇంకా టైముందిగా, వెళ్లి ఆపు అంటారా?

అచ్చుకి ముందు ఆఖరిసారి చూసి సరే అనమని ప్రూఫు పంపారు. ఇవాళ సాయంత్రం అయిదు దాకా గడువు. నేను పొద్దున్నే సరే అనేశాను. ఇక్కడికి వస్తూ బస్సులో. పక్కావిడ భుజం నా మీద వాల్చి నిద్రపోతోంది, కదలకుండా ఒక్క వేలితో నొక్కేశాను.

రెండు గంటలు ఆగి, ఇవి పగలగొట్టాక నొక్కొచ్చుగా? అలా అడగండి. నేనే చెప్తాను. తెలిశాక పంపితే దొంగతనం. తెలియక ముందు పంపితే పొరపాటు. పొరపాటులా కనపడాలని ముందే పంపాను.

ఇంకోటి ఉంది. ఇది చెప్పకపోతే మీ మొహం మళ్లీ చూడలేను.

పేపరు చివర కృతజ్ఞతలని నాలుగు లైన్లు ఉంటాయి. ఇవాళ పొద్దున అందులో మీ పేరు చేర్చాను. ఇంటిపేరుతో సహా పూర్తిగా. పరీక్షలన్నీ దగ్గరుండి చేసింది మీరేనని, మీకు రుణపడి ఉన్నానని. వద్దు, అలా చూడకండి. సంతోషపడకండి బాబాయ్, దండం పెడతాను. మీ అమ్మాయికి చూపిస్తానంటే నేను తట్టుకోలేను. ప్రేమతో పెట్టలేదు. ప్రేమ లేక కాదు, కానీ వేలు ఆడించింది ప్రేమ కాదు. రేపెప్పుడైనా ఎవరైనా వచ్చి అడిగితే, మిషను దగ్గర ఉన్నది నేను కాదు, ఈయన అని చూపించడానికి ఒక పేరు కావలసి వచ్చింది. మీది దొరికింది.

ఏమైనా అనండి. తిట్టండి. ఆ పలక నేను తుడుస్తానన్నానుగా, గుడ్డ ఇలా ఇవ్వండి.

ఆ, ఆపమని ఇంకో మెయిల్ రాస్తే ఆపుతారు. అచ్చు కొట్టేదాకా ఆపుతారు, నాకు తెలుసు. సారుకి కూడా చెప్పాలి. రాస్తానని ఇప్పుడు మీ ముందు చెప్పగలను. చెప్తే నమ్మకండి. మెట్లు దిగేసరికి నేను వేరే మనిషినైపోతాను. ఈ నెల రోజులూ చూశాను నన్ను.

మీ రిజిస్టరు తీయండి. నాకివ్వకండి, మీ దగ్గరే ఉంచుకోండి. ఇవాళ్టి తేదీ వేసి, ఈ ఆరు అంకెలూ రాయండి. పక్కన "తడివి" అని రాయండి. ఎవరివని అడిగే చోట నా పేరు రాయండి. పెన్సిల్ వద్దు, పెన్నుతో రాయండి.

ఇప్పుడే రాయండి బాబాయ్, నేనిక్కడ నిలబడి ఉండగానే. ఆలస్యం చేస్తే, రాయొద్దని నేనే వచ్చి మీ కాళ్లు పట్టుకుంటాను.