పాస్‌పోర్టు వయసు

రియాద్‌లో కంపెనీ క్యాంపు గది. పెద్దాయన మీసానికి పక్క మంచం మనిషి రంగు వేస్తున్నాడు.

"లింబన్నా, కదలకు. రంగు అంగీ మీద పడుతది."

"మెట్రో స్టేషన్‌ల వరమ్మ నా వయసు అడిగితే ఏం జెప్పాలెరా?"

"పాస్‌పోర్టుల యాభై రెండే ఉన్నది గదా. అదే చెప్పు."

"అది ఏజెంటు రాయించిన వయసు. నాకు అరవై ఒకటి నిండినయ్."

"ఏడాది సంది ఫోన్ల మాట్లాడుతున్నరు. ఇప్పుడు వయసు చూసి వద్దంటదా?"

"ఆమె నర్సురా. చెయ్యి పట్టుకుంటే అంతా ఎరుకైతది."

"చెయ్యి వణుకుతుందనా? మొదటిసారి కలుస్తున్న, భయమైతుందని చెప్పు. నమ్ముతది."

"భయం ఇయ్యాల్నే పట్టుకున్నది. ఈ వణుకుడు రెండేండ్ల సంది ఉన్నది."