కాటా మీద కోడలు

ఎండుకొబ్బరి తూచే కాటా మీంచి దిగి, కోడలు పొట్ట మీదికి పమిట లాక్కుంది. మొగుడు మస్కట్ వెళ్ళి ఏడాది దాటింది.

"రెండు కిలోలు పెరిగేవు."

"బయట చేరే ముందు నాకెప్పుడూ ఇలాగే పొట్ట ఉబ్బుద్దండీ, అత్తయ్యగారూ. అదయ్యేక తగ్గిపోద్దండీ."

"మరి చేరలేదేం?"

"ఈసారెందుకో ఆలస్యమైందండీ. మా అమ్మ మీద ఒట్టు, నేనే తప్పూ చెయ్యలేదండీ."

"నేనేమన్నా అన్నానా?"

"ఆయనకి ఫోన్లో చెప్పకండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

అత్తగారు కాటా ముల్లుని సున్నా దగ్గరికి సరిచేసింది.

"మీ మావగారు దుబాయ్‌లో ఉన్నప్పుడు నాకూ నెలనెలా ఇలాగే ఉబ్బేది. మా అత్తగారు నన్నూ ఈ కాటా మీదే నిలబెట్టేవారు."

కోడలికి ఊపిరి ఆడింది.

"అయితే మీకు తెలుసు కదండీ!"

"తెలుసు. రేపు పొద్దున్నే మళ్ళీ ఎక్కు."