పదికి సున్నా

ఆస్పత్రిలో ఆపరేషన్ల కౌంటరు. లోపల నర్సు. ఇవతల ఒక కూతురు, చక్రాల కుర్చీలో ఆమె తల్లి.

"జాబితాలోంచి అమ్మ పేరు తీసేశారంటే ఎవరు తీసేశారండీ? పదకొండింటికి మోకాలి ఆపరేషన్ అని మీరే కదా రమ్మన్నారు!"

"నేను కాదు మేడమ్. ఏజెంట్లు తీసేశాయి."

"ఎవరా ఏజెంట్లు? పిలవండి, నేను మాట్లాడతాను."

"మనుషులు కారండీ, కంప్యూటర్ ప్రోగ్రాములు. మీ ఇంట్లో ఫోన్లో ఉన్నది రోజూ అమ్మగారి నొప్పి ఎంతో అడిగి డాక్టరుగారి దానికి చెప్తుంది. అదేమో ఆపరేషన్ల పట్టిక చూసేదానికి చెప్తుంది. నొప్పి పోయిందని మూడూ ఒకే మాట మీదున్నాయి."

"పోవడమా! గోడ పట్టుకోకుండా బాత్రూమ్‌కి కూడా వెళ్ళలేదండీ మా అమ్మ. వాటికి కళ్ళున్నాయా?"

"లేవండీ. అంకెలున్నాయి. నలభై రోజులు, పదికి సున్నా."

"శుద్ధ అబద్ధం."

"మీ ఇంటినుంచి వచ్చినవే."

"అన్నీ... సున్నాలేనా?"

"అన్నీ."

"అంటే... చూడండి సిస్టర్, ఫోన్లో మూడు దాటిన అంకె నొక్కామా, ఇక అది ఊరుకోదు. మందు వేశారా, కాలు చాపించారా అంటూ నా ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు. మీటింగులో ఉన్నా వదలదు. అందుకని..."

"అందుకని?"

"ఒకట్రెండు సార్లు నేనే సున్నా నొక్కేశాను."

"ఒకట్రెండు సార్లా?"

"అబ్బ, పదకొండు! మీ ఎదురుగా స్క్రీన్ మీద కనిపిస్తుంటే మళ్ళీ నన్నడుగుతారేం? బుద్ధి గడ్డి తిని నొక్కాను. కానీ మిగతావి నేను కాదు, ఒట్టు!"

"మీరు కాదు. అవి అమ్మగారు నోటితో చెప్పినవి. చదవనా?"

"చదవండి."

"'సున్నా అని రాసుకో తల్లీ. నొప్పి అన్నానంటే మా అమ్మాయికి ఫోను కొడతావు. అది పని మానుకుని పరిగెత్తుకొస్తుంది.' ఇరవై తొమ్మిది రోజులూ ఇదే, కాస్త అటూ ఇటూగా."

"అమ్మా! నీకేమైనా మతిపోయిందా?"

"నాకెందుకు పోతుందే? నువ్వు మాత్రం నొక్కలేదూ?"

"మరి ఈ మాటలన్నీ డాక్టరుగారికి ఎందుకు చేరలేదండీ?"

"ఇంటి ఏజెంటు అంకె ఒక్కటే పంపుతుంది. మాటలు దాని దగ్గరే ఉండిపోతాయి, ఇలా ఎవరైనా దాని రికార్డు తెరిచి చూస్తే తప్ప. మిగతా రెండింటికీ సున్నా తప్ప ఇంకేం తెలీదు."

"ఖర్మ! ఇవాళ తప్పితే మళ్ళీ ఎప్పుడు?"

"నాలుగు నెలలాగాలి. కానీ ఇవాళ్టి పదకొండింటి టైము ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు నిజం అంకె పడితే పేరు మళ్ళీ ఎక్కుతుంది. పేషెంటే చెప్పాలి, మీరు కాదు. అమ్మగారూ, పదికి ఎంత నొప్పి?"

"అబ్బే, అంతేం లేదమ్మా."

"అమ్మా! నీకు దణ్ణం పెడతాను, నిజం చెప్పవే!"

"చెప్తానే, ఉండు. సిస్టరమ్మా, ముందు దీన్ని బయటికి పంపు."